మైకు లాక్కోవాలా, కూర్చోబెట్టి మాట్లాడాలా?

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. పేరున్న గాయకుడో, ఆటగాడో, నటుడో యూదుల మీద విషం కక్కితే అతనితో మాట్లాడి మార్చడానికి చూడాలా, లేక అకౌంట్ తీసేసి, కాంట్రాక్టులు రద్దు చేసి నోరు మూయించాలా? నోరు మూయిస్తే ‘నిజం చెప్పాడు కాబట్టే మూయించారు’ అనేవాళ్లు ఇంకా పెరగరా అన్నది మీ అనుమానం. అనుమానం సరైనదే.

నేను పదకొండేళ్లుగా సోషల్ మీడియా కంటెంట్ మోడరేషన్‌లో పనిచేస్తున్నాను. ఏ పోస్ట్ ఉండాలి, ఏది పోవాలి అని రోజూ తేల్చే పని. నా జవాబు ముందే చెప్పేస్తాను. రెండూ కావాలి, కానీ రెండూ ఒకే చోట జరగకూడదు. స్టేజీ మీద ఉన్నంతసేపు సెలబ్రిటీ ఒక లౌడ్‌స్పీకర్. లౌడ్‌స్పీకర్‌తో సంభాషణ కుదరదు, వైరు పీకడమే. స్టేజీ దిగాక మళ్లీ మామూలు మనిషి. అప్పుడు కూడా ఎవరూ పలకరించకపోతే, అతన్ని పలకరించడానికి కాచుకుని కూర్చున్నవాళ్లు వేరే ఉంటారు, వాళ్ల చేతిలో పడతాడు.

2022 అక్టోబర్ నాకు బాగా గుర్తుంది. కాన్యే వెస్ట్, ఇప్పుడు యే అని పిలిపించుకుంటున్న ర్యాపర్, యూదుల మీద ‘డెత్ కాన్ 3’కి వెళ్తానని ట్వీట్ చేశాడు. అమెరికా సైన్యం యుద్ధ సన్నద్ధత స్థాయికి వాడే ‘డెఫ్‌కాన్’ అనే మాటను చావుగా మార్చి అన్నాడన్నమాట. అప్పటికి ట్విట్టర్‌లో అతని ఫాలోవర్లు 3 కోట్ల పైమాటే. ప్రపంచం మొత్తం మీద యూదులు కోటిన్నర చిల్లర. అంటే ఒక్క మనిషి మాట వినేవాళ్లు, ఆ మాట పడేవాళ్లకు రెట్టింపు. 

ఆ ట్వీట్‌ను తీసేయడం కష్టమేమీ కాదు. మా దగ్గరకు వచ్చిపడింది దాని ప్రతిధ్వని. జనం రిపోర్ట్ చేసినవీ, సాఫ్ట్‌వేర్ అనుమానించినవీ వరసగా వచ్చే జాబితాను మేం క్యూ అంటాం. మామూలు రోజుల్లో అందులో బూతులు, బెదిరింపులు, మోసాలు కలగాపులగంగా ఉంటాయి. ఆ వారం మాత్రం ఒకే రాగం. ‘నేను అనట్లేదు, ఆయనన్నాడు’. ‘తప్పేముంది, అడగకూడదా?’. తిన్నగా రాస్తే పోస్ట్ పోతుందని తెలిసినవాళ్లు పళ్లరసం డబ్బా బొమ్మ పెట్టేవాళ్లు. ఇంగ్లిష్‌లో పళ్లరసం మాట, యూదుల మాట చెవికి దాదాపు ఒకేలా తగులుతాయి కాబట్టి. ఇంకొందరు ఎవరి పేరుకైనా రెండు వైపులా మూడేసి బ్రాకెట్లు తగిలించేవాళ్లు. ఇతను యూదుడు, గమనించండి అని తమవాళ్లకు సైగ. ఈ సైగలు తెలియని కొత్త మోడరేటర్‌కు ఆ పోస్ట్‌లో తప్పేమీ కనపడదు.

మా టీమ్‌లో ఒక యూదు అమ్మాయి ఉండేది. నాలుగో రోజు నా దగ్గరకొచ్చి, ‘ఒక్క వారం నన్ను స్పామ్ క్యూలో వేస్తారా?’ అని అడిగింది. స్పామ్ అంటే బరువు తగ్గించే మందుల ప్రకటనలు, దొంగ లాటరీలు. ఎవరూ కోరి తీసుకోని పని. కారణం ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. షెడ్యూల్ మార్చి సంతకం పెట్టాను. ఇప్పుడు తలుచుకుంటే, అడిగి ఉండాల్సింది అనిపిస్తుంది.

అదే నెల 22న లాస్ ఏంజెలెస్‌లో ఒక ఫ్రీవే మీది వంతెనకు కొందరు బ్యానర్ కట్టారు. యూదుల విషయంలో కాన్యే చెప్పింది నిజమే అని దాని మీద రాత. వంతెన మీద నిలబడి కింద వెళ్లే కార్లకు నాజీ సెల్యూట్ కొట్టారు. వాళ్లు కాన్యే అభిమానులు కారు, ముందు నుంచీ యూదు ద్వేషమే పనిగా పెట్టుకున్న గుంపు. ఏళ్ల తరబడి కరపత్రాలు పంచినా దొరకని జనం దృష్టి వాళ్లకు ఒక్క పాప్ స్టార్ పేరుతో దొరికింది. సెలబ్రిటీ కొత్త అబద్ధం ఏదీ కనిపెట్టడు. పాత అబద్ధానికి కొత్త చొక్కా తొడుగుతాడు, అంతే.

పాతది అంటే ఎంత పాతది? ‘యూదులు రహస్యంగా ప్రపంచాన్ని నడుపుతున్నారు’ అనే కథకు మూలమైన ‘ప్రోటోకాల్స్’ అనే దొంగ పత్రం 1903లో రష్యాలో అచ్చయింది. 1921లో లండన్ టైమ్స్ దాని బండారం బయటపెట్టింది. 1864లో ఒక ఫ్రెంచ్ రచయిత మూడో నెపోలియన్ మీద రాసిన వ్యంగ్య రచన నుంచి పేరాలకు పేరాలు ఎత్తేశారని పక్కపక్కన పెట్టి చూపించింది. అక్కడితో అది చచ్చిపోవాలి. చావలేదు, ఎందుకంటే అప్పటికే దాన్ని అమెరికాలో ఇంటింటికీ చేర్చినవాడు ఆ కాలపు అతిపెద్ద సెలబ్రిటీల్లో ఒకడు, కార్ల హెన్రీ ఫోర్డ్. తన సొంత పత్రికలో 1920 నుంచి వరసగా 91 సంచికల్లో యూదుల మీద వ్యాసాలు వేయించాడు. కార్ల డీలర్లు కూడా ఆ పత్రిక అమ్మాల్సి వచ్చేది. జనానికి ప్రోటోకాల్స్ ఎవరు రాశారో అనవసరం. ‘అంత పెద్దాయన ఊరికే అంటాడా? నిప్పు లేనిదే పొగ వస్తుందా?’ ఇదే తర్కం. మా క్యూలో నేను చూసింది నూరేళ్ల తర్వాత అదే వాక్యం.

ఫోర్డ్ కథలో రెండో భాగం కూడా చెప్పుకోవాలి, మీ ప్రశ్నకు అది బాగా పనికొస్తుంది. యూదు న్యాయవాది ఆరన్ సపీరో పరువునష్టం దావా వేశాడు. 1927లో దావా ముదిరేసరికి ఫోర్డ్ క్షమాపణ చెప్పి పత్రిక మూసేశాడు. ఆ క్షమాపణ రాసిపెట్టింది యూదు సంఘాల నాయకుడు లూయిస్ మార్షల్. కింద పేరు మాత్రమే ఫోర్డ్‌ది. 1938లో, తన 75వ పుట్టినరోజున, అదే ఫోర్డ్ హిట్లర్ ప్రభుత్వం ఇచ్చిన పతకాన్ని అందుకున్నాడు. ఇప్పుడు పీఆర్ టీమ్ రాసిచ్చే క్షమాపణలు చదివినప్పుడల్లా నాకు ఆ ఫొటో గుర్తొస్తుంది. ఎవరో రాసిన క్షమాపణ మీద సంతకం పెట్టినంత మాత్రాన మనిషి మారాడనుకోవద్దు.

ఇక సెన్సార్‌షిప్ సంగతి. ఈ మాటను జనం తెగ వాడేస్తున్నారు, కాస్త విడదీసి చూడాలి. ప్రభుత్వం చట్టంతో, పోలీసులతో మాట ఆపడం ఒకటి. ఒక కంపెనీ ‘నీతో మాకు వద్దు బాబూ’ అనడం ఇంకొకటి. 2022 అక్టోబర్ 25న ఆడిడాస్ కాన్యేతో ఒప్పందం రద్దు చేసుకుంది. ఆ ఏడాది లాభంలో 25 కోట్ల యూరోల వరకు పోవచ్చని తనే చెప్పుకుంది. అది సెన్సార్‌షిప్ కాదు. ఎవరితో వ్యాపారం చేయాలో తేల్చుకోవడం కూడా వాక్ స్వాతంత్ర్యంలో భాగమే. (రెండు వారాలకు పైగా మీనమేషాలు లెక్కపెట్టి, ఒత్తిడి పెరిగాక తెంచుకుంది కాబట్టి దండలు వేయాల్సిన పని కూడా లేదు.) ఇదీ కొత్త కాదు. 1938 నవంబర్‌లో జర్మనీలో సినగాగ్‌లు, అంటే యూదుల ప్రార్థనా మందిరాలు, తగలబెట్టిన కొద్ది రోజులకే, కోట్లమంది వినే అమెరికా రేడియో ప్రసంగాల కేథలిక్ ఫాదర్ చార్లెస్ కాఫ్లిన్ ఆ దాడులను సమర్థించినట్టు మాట్లాడాడు. న్యూయార్క్‌లో డబ్ల్యూఎంసీఏ అనే స్టేషన్ అతని తర్వాతి ప్రసంగాన్ని ప్రసారం చేయనంది. అభిమానులు స్టేషన్ ముందు నెలల తరబడి ధర్నాలు చేశారు, నోరు నొక్కేస్తున్నారని కేకలు వేశారు. ఇప్పటి కామెంట్ సెక్షన్లకూ దానికీ తేడా అట్టముక్కల మీద రాసుకోవడం ఒక్కటే.

ప్రభుత్వం దిగితే ఏమవుతుందో ఫ్రాన్స్‌లో చూడొచ్చు. అక్కడ 1990 నుంచి హోలోకాస్ట్‌ను, అంటే నాజీలు లక్షలాది యూదులను చంపిన మారణకాండను, కాదనడం నేరం. ద్యుడొనె అనే కమెడియన్ 2008 డిసెంబర్‌లో పారిస్‌లోని పెద్ద హాల్లో, వేలమంది ముందు, గ్యాస్ చాంబర్లే లేవని వాదించే రాబర్ట్ ఫోరిసన్‌ను స్టేజీ మీదికి పిలిచి అవార్డు ఇప్పించాడు. ఇచ్చినతను క్యాంపు ఖైదీ దుస్తుల్లో, ఛాతీ మీద నాజీలు యూదులకు తగిలించిన పసుపు నక్షత్రంతో వచ్చాడు. కోర్టు 10,000 యూరోల జరిమానా వేసింది. 2014 జనవరిలో అతని షోను ప్రభుత్వం ఆపించింది, దేశపు అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం సరేనంది. యూరప్ మానవ హక్కుల కోర్టు కూడా 2015లో అతని వాదన వినదగినది కాదని కొట్టేసింది. చట్టం తన పని తాను చేసింది. మరి ఫలితం? హాల్ బయట క్యూలు తగ్గలేదు. అతను కనిపెట్టిన ‘కెనెల్’ అనే, తిరగేసిన నాజీ సెల్యూట్ అని చాలామంది అన్న చేతి సైగ కుర్రాళ్లకు ఫ్యాషనైంది. 2013 డిసెంబర్ 28న ఇంగ్లండ్‌లో గోల్ కొట్టిన నికొలా అనెల్కా మైదానంలో ఆ సైగ చేశాడు. తను యూదు వ్యతిరేకినని ఒప్పుకోలేదు, ఫుట్‌బాల్ సంఘం మాత్రం 5 మ్యాచ్‌ల నిషేధం, 80,000 పౌండ్ల జరిమానా వేసింది. కోర్టుకెళ్లిన ప్రతిసారీ ద్యుడొనె ‘వ్యవస్థ నా మీద కక్ష కట్టింది’ అంటూ బయటికొచ్చేవాడు. అతనికి నిజంగా దెబ్బ తగిలింది 2020లో, యూట్యూబ్ చానెల్ పోయినప్పుడు అని నా అంచనా. కోర్టు మెట్ల మీద కెమెరాలుంటాయి. పోయిన చానెల్‌కు ఉండవు.

అందుకని చట్టాలు దండగ అనను. జర్మనీ తన 130వ సెక్షన్‌తో జాతి ద్వేషం రెచ్చగొడితే 5 ఏళ్ల వరకు జైలు వేస్తుందంటే, దాని వెనక ఆ దేశానికి సొంత చరిత్ర ఉంది. ఇంకొకరు తప్పుపట్టలేరు. అమెరికా దారి వేరు. 1977లో వేలమంది హోలోకాస్ట్ బాధితులు నివసించే స్కోకీ అనే ఊళ్లో నాజీలు ఊరేగింపు తీస్తామంటే, వాళ్ల హక్కు కోసం ఏసీఎల్‌యూ అనే పౌరహక్కుల సంస్థ తరఫున కోర్టులో వాదించింది యూదు లాయరే. ఆ సంస్థను నడిపిన ఆర్యే నయర్ కూడా చిన్నప్పుడు నాజీ జర్మనీ నుంచి తప్పించుకొచ్చిన యూదుడే. సంస్థ గెలిచింది, సభ్యులను పోగొట్టుకుంది. ఆఖరికి నాజీలు స్కోకీలో అడుగే పెట్టలేదు. ఈ రెండు దారుల్లో ఏది మేలో తేల్చే పని నాది కాదు. కానీ సెలబ్రిటీ విషయానికొస్తే జైలు చాలా మొద్దు పనిముట్టు అని నా అభిప్రాయం, ఎందుకంటే అభిమానికి హీరో కంటే అమరవీరుడే ఎక్కువ ఇష్టం.

ఇప్పుడు సంభాషణ. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. ‘మాట్లాడాలి’ అనగానే ఎవరో ఒకరు పాడ్‌కాస్ట్‌కు పిలిచి పీట వేస్తారు. కాన్యే ఆ రెండు మూడు నెలల్లో ఇచ్చిన ఇంటర్వ్యూలు చూడండి. కొందరు హోస్టులు నిజాయితీగానే వాదించారు, ‘మీరన్నది తప్పు’ అని మొహం మీదే చెప్పారు. ఏమైంది? మూడు గంటల వీడియోలో అతని అబద్ధం 30 సెకన్ల ముక్కగా కత్తిరించుకుని ఊరంతా తిరిగింది, హోస్ట్ జవాబు మూల వీడియోలోనే ఉండిపోయింది. డిసెంబర్ 1న ఒక షోలో హిట్లర్ అంటే ఇష్టమని చెప్పేదాకా వెళ్లాడు. జనం ముందు మనిషి మాట వెనక్కి తీసుకోడు, పరువు అడ్డొస్తుంది. బాస్కెట్‌బాల్ స్టార్ లెబ్రాన్ జేమ్స్ షో వాళ్లు అతనితో రికార్డ్ చేసిన ఎపిసోడ్‌ను అసలు విడుదల చేయకుండా పక్కన పడేశారు. ఆ గొడవలో నాకు నచ్చిన నిర్ణయం అది.

చరిత్రకారిణి డెబొరా లిప్‌స్టాట్ ఈ గీతను ఎప్పుడో గీసుకున్నారు. హోలోకాస్ట్ జరగలేదనేవాళ్లతో ఆవిడ టీవీ చర్చకు కూర్చోరు. కూర్చుంటే అది కూడా ఒక ‘పక్షం’ అయిపోతుంది కాబట్టి. అలాగని పారిపోలేదు. హోలోకాస్ట్‌ను కాదనే బ్రిటిష్ రచయిత డేవిడ్ ఇర్వింగ్ ఆవిడ మీద లండన్‌లో పరువునష్టం దావా వేస్తే, అక్కడి చట్టం ప్రకారం రుజువు భారం తన మీదే పడినా, చరిత్రకారులను పెట్టి అతని పుస్తకాల్లోని ఫుట్‌నోట్లు కూడా ఒక్కొక్కటి తిరగేయించారు. 2000 ఏప్రిల్‌లో జడ్జి ఇర్వింగ్‌ను యూదు వ్యతిరేకి, చరిత్రను కావాలని వక్రీకరించినవాడు అని తీర్పు రాశాడు. తర్వాత 2006లో ఆస్ట్రియా అదే ఇర్వింగ్‌కు 3 ఏళ్ల జైలు వేస్తే, లిప్‌స్టాట్ దాన్ని సమర్థించలేదు. చర్చా వద్దు, జైలూ వద్దు, ఆధారం చూపించు. ఇది నేర్చుకోవాల్సిన పద్ధతి.

స్టేజీ కింద జరిగే సంభాషణ మాత్రం వేరే సంగతి. మేయర్స్ లెనర్డ్ అనే బాస్కెట్‌బాల్ ఆటగాడు 2021 మార్చిలో వీడియో గేమ్ ఆడుతూ, లైవ్‌లో, యూదులను తిట్టే ఒక పాత బూతుమాట వాడాడు. అర్థం తెలియదన్నాడు. లీగ్ 50,000 డాలర్ల జరిమానా వేసి వారం సస్పెండ్ చేసింది, మయామీ జట్టు వదిలించుకుంది. అందరూ తలా ఒక రాయి వేస్తున్నప్పుడు జూలియన్ ఎడెల్మన్ అనే యూదు అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు ఒక బహిరంగ లేఖ రాశాడు. నువ్వు ద్వేషంతో అని ఉండవు, తెలియక అని ఉంటావు, కానీ తెలియక అన్న మాటే ఎక్కువ దూరం పోతుంది, దాన్ని ఎదిరించడమే ఎక్కువ కష్టం అన్నాడు. చివర్లో, నేను మయామీ వస్తుంటాను, శుక్రవారం రాత్రి షబ్బత్ (యూదుల వారపు పవిత్ర దినం) భోజనానికి రా అని పిలిచాడు. ఆ లేఖలో జాలి లేదు, తిట్టూ లేదు, తప్పును తప్పే అంది. పిలుపు మాత్రం పిలుపే. లెనర్డ్ తర్వాతి రెండేళ్లు యూదు సంఘాలతో, రబ్బీలతో (యూదు మతగురువులతో), హోలోకాస్ట్ నుంచి బతికిబయటపడ్డ వృద్ధులతో కూర్చున్నాడు. 2023 ఫిబ్రవరిలో మిల్వాకీ జట్టు అతన్ని మళ్లీ తీసుకుంది. అంత పెద్ద వార్త కూడా కాలేదు.

ఫ్యాషన్ డిజైనర్ జాన్ గాలియానోది ఇంకా ముదిరిన కేసు. 2011లో పారిస్ కేఫ్‌లో తాగి పక్క టేబుల్ వాళ్లను యూదు ద్వేషంతో తిట్టాడు. హిట్లర్ అంటే ఇష్టమన్న వీడియో ఒకటి బయటపడింది. అతను పనిచేసే డియోర్ వారం తిరక్కుండా పీకేసింది. కోర్టు దోషి అంది, 6,000 యూరోల జరిమానా వేసినా అమలు చేయకుండా నిలిపింది. ఆ తర్వాత అతను మందు మానే చికిత్సకు వెళ్లాడు, లండన్‌లో ఒక రబ్బీ దగ్గర కూర్చుని యూదు చరిత్ర చదివాడు. 2014లో మరో ఫ్యాషన్ హౌస్ పని ఇచ్చింది, పదేళ్లు చేశాడు. గమనించండి, ఇక్కడా, లెనర్డ్ విషయంలోనూ ముందు ఉద్యోగం పోయింది, తర్వాతే మాటలు మొదలయ్యాయి. దెబ్బ తగలకపోతే వినే తీరిక దొరికేదా అన్నది నాకు అనుమానమే. ‘అడుసు తొక్కనేల, కాలు కడుగనేల’ అంటారు గానీ, తొక్కినవాడికి నీళ్లు చూపించేవాడు కూడా ఒకడుండాలి.

సెలబ్రిటీ కాకపోయినా డెరెక్ బ్లాక్ కథ చెప్పకుండా ఈ విషయం పూర్తికాదు. అమెరికాలో తెల్లజాతి ఆధిపత్యవాదుల మొదటి పెద్ద వెబ్‌సైట్ ‘స్టార్మ్‌ఫ్రంట్’ పెట్టిన డాన్ బ్లాక్ బిడ్డ. ఆ ఉద్యమానికి వారసులనుకున్నారు. ఫ్లోరిడాలో కాలేజీలో చేరాక ఆ సంగతి బయటపడి తోటివాళ్లు చాలామంది మాట్లాడటం మానేశారు. ఒక యూదు విద్యార్థి మాత్రం తన గదిలో ప్రతి శుక్రవారం పెట్టే భోజనానికి పిలిచాడు. మొదట్లో అక్కడ రాజకీయాలు ఎత్తొద్దని మిగతావాళ్లకు చెప్పుకున్నాడు. వారాలు నెలలయ్యాయి, నెలలు ఏళ్లయ్యాయి. 2013లో డెరెక్ ఆ భావజాలాన్ని వదిలేస్తున్నట్టు బహిరంగంగా రాశారు. ఈ కథను జనం ‘చూశారా, ప్రేమతో గెలిచారు’ అని చెప్పుకుంటారు. డెరెక్ స్వయంగా చెప్పేది ఇంకొంచెం చేదు. వెలివేసిన విద్యార్థుల కోపం కూడా పనిచేసిందని, అది లేకపోతే తను ఎవరినో బాధపెడుతున్నట్టు తెలిసేదే కాదని.

అన్ని కథలూ ఇలా ముగియవు. కాన్యే 2023 డిసెంబర్‌లో హీబ్రూ భాషలో క్షమాపణ పెట్టాడు. 2025 ఫిబ్రవరిలో దాన్ని వెనక్కి తీసుకుని, స్వస్తిక బొమ్మ టీషర్టు అమ్మకానికి పెట్టాడు. ఆ ఆన్‌లైన్ దుకాణానికి చోటిచ్చిన షాపిఫై కంపెనీ దాన్ని మూసేసింది. 2026 జనవరిలో వాల్ స్ట్రీట్ జర్నల్‌లో పేజీ నిండా మళ్లీ క్షమాపణ. తనకు బైపోలార్ అనే మానసిక వ్యాధి ఉందని అతనే చెప్పుకున్నాడు. ఆ విషయంలో జాలి పడతాను. కానీ బైపోలార్ ఉన్న లక్షలమందికి యూదుల మీద ద్వేషం లేదు, ఈ కథలు వ్యాధిలోంచి రావు, గాలిలోంచి వస్తాయి. మనిషికి వైద్యం కావాలి, మైకు వద్దు. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డేమీ కాదు.

తొందరపడి శిక్ష వేసినా మంచిది కాదు. 2022 జనవరి 31న టీవీ షోలో నటి వూపీ గోల్డ్‌బర్గ్, హోలోకాస్ట్ జాతికి సంబంధించినది కాదని అంది. తప్పు. నాజీలు యూదులను ఒక జాతిగానే చూసి చంపారు. మర్నాడే క్షమాపణ చెప్పి, యూదు వ్యతిరేకతపై పోరాడే ఏడీఎల్ సంస్థ అధిపతిని అదే షోకు పిలిచి, ప్రేక్షకుల ముందే తప్పు దిద్దుకుంది. అయినా చానెల్ రెండు వారాలు సస్పెండ్ చేసింది. నన్నడిగితే అది అనవసరం. ఆ రోజు జరిగింది తెలియని మనిషి తెలుసుకోవడం, అదీ లక్షలమంది చూస్తుండగా. తమాషా ఏంటంటే వాళ్లు ఆ షోలో చర్చిస్తున్నది టెనెసీలో ఒక స్కూల్ బోర్డు హోలోకాస్ట్ మీది ‘మౌస్’ అనే బొమ్మల పుస్తకాన్ని పాఠాల్లోంచి తీసేయడం గురించి. తీసేశాక ఆ పుస్తకం అమ్మకాలు ఆకాశానికెళ్లాయి.

అదే సూత్రం విషానికీ పనిచేస్తుంది. 2022 అక్టోబర్ 27న కైరీ ఇర్వింగ్ అనే బాస్కెట్‌బాల్ స్టార్ యూదు ద్వేషం నిండిన ఒక డాక్యుమెంటరీకి అమెజాన్ లింక్ పెట్టాడు. అంతకుముందు దాన్ని పట్టించుకున్న నాథుడు లేడు. గొడవ మొదలయ్యాక అది అమ్మకాల జాబితాలో పైకి ఎగబాకింది. ‘మీకు యూదుల మీద ద్వేషం లేదని చెప్పండి’ అని విలేకరులు అడిగితే సూటిగా చెప్పలేదు. బ్రూక్లిన్ జట్టు సస్పెండ్ చేసింది, 8 మ్యాచ్‌లు పోయాయి. తిరిగొచ్చిన రోజు స్టేడియం బయట వందలమంది ఒకే రంగు దుస్తుల్లో అతనికి మద్దతుగా నినాదాలు చేశారు. కొన్ని నెలలకు డల్లాస్ జట్టుకు మారగానే తన క్షమాపణ పోస్ట్ తీసేశాడు. తిరిగి ఆడాలంటే ఇవి చేయాలని జట్టు అప్పట్లో ఒక జాబితా ఇచ్చింది. క్షమాపణ, శిక్షణ, విరాళం, ఫలానావాళ్లతో సమావేశం. జాబితా ఇచ్చి టిక్కులు పెట్టిస్తే సంభాషణ అవదు, హోంవర్క్ అవుతుంది.

మా పనిలో నేను పాటించే పద్ధతి ఇది. బెదిరింపు, చంపాలనే పిలుపు, హోలోకాస్ట్ జరగలేదనే మాట, ఇవి పోవాల్సిందే. ఎవరన్నదీ, ఎంతమంది ఫాలోవర్లు ఉన్నదీ చూడక్కర్లేదు. (ఫేస్‌బుక్ కూడా ఇక్కడికి రావడానికి 2020 అక్టోబర్ దాకా పట్టింది. రెండేళ్ల ముందు జుకర్‌బర్గ్, తను యూదుడై ఉండి కూడా, తెలియక అనేవాళ్ల పోస్టులు తీయనని చెప్పాడు.) తెలియనితనం, వెటకారం, ‘నేను అడుగుతున్నానంతే’ లాంటివి వెంటనే తీసేయను. వాటికి సిఫారసు ఆపేస్తాను, అంటే ఎవరైనా వెతుక్కుని వస్తే కనపడుతుంది, మేమై ఎవరి ముందూ పెట్టం. తీసేస్తే ఎందుకు తీశామో ఆ మనిషికి రెండు వాక్యాల్లో చెప్పాలని కొట్లాడతాను. కారణం చెప్పకుండా తీసేసిన ప్రతి పోస్టూ ఒక కొత్త కుట్ర కథకు విత్తనం.

ఇజ్రాయెల్ మాట రాకుండా ఈ చర్చ ఎక్కడా ఆగదు కాబట్టి చిన్నగా చెప్తాను. ఒక ప్రభుత్వాన్ని, దాని యుద్ధాన్ని ఎంత ఘాటుగా తిట్టినా అది యూదు ద్వేషం కాదు. ఆ ప్రభుత్వం చేసినదానికి ఇంకో దేశంలో గుడికెళ్లే యూదు ముసలాయన జవాబు చెప్పాలంటే అది ద్వేషమే. మధ్యలో బూడిద రంగు చాలా ఉంది. 2023లో బ్రిటిష్ రాక్ గాయకుడు రోజర్ వాటర్స్ కచేరీని రద్దు చేయాలని ఫ్రాంక్‌ఫర్ట్ నగరం చూస్తే కోర్టు కుదరదంది. తను యూదు వ్యతిరేకి అన్న ఆరోపణలను ఆయన ఒప్పుకోడు. ఆ హాల్లోనే 1938లో దాదాపు 3,000 మంది యూదులను పోగేసి క్యాంపులకు పంపారు. కోర్టు చెప్పింది చట్టప్రకారం సరే, అక్కడి యూదులు బయట నిలబడి నిరసన తెలపడమూ సరే. సెన్సార్ కత్తెర ఇలాంటి చోట పెడితే తర్వాత అది ఎవరి చేతికి పోతుందో తెలియదు.

చివరిగా ఒక సంగతి. కైరీ ఇర్వింగ్ గొడవ నడుస్తున్నప్పుడు మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. అప్పుడు వాడికి పదిహేనేళ్లు, అమెరికాలో హైస్కూల్, గోడ నిండా ఇర్వింగ్ పోస్టర్లు. కోపంగా ఉన్నాడు.

‘మామయ్యా, సినిమా లింక్ పెడితే సస్పెన్షనా? ఎవర్నన్నా కొట్టాడా?’

‘నువ్వు సినిమా చూశావా?’

‘సగం.’

‘ఏముంది?’

కాసేపు నసిగాడు. హోలోకాస్ట్ గురించి యూదులు అబద్ధం చెప్పారని అందులో ఉందన్నాడు. నిజమా అని అడిగాడు. నేను ఉపన్యాసం మొదలుపెట్టాను, నాజీల మీద న్యూరెంబర్గ్ విచారణ, వాళ్ల సొంత రికార్డులు, రైళ్ల లెక్కలు. రెండు నిమిషాలకు అవతల కీబోర్డ్ టకటకలు వినిపించాయి, వేరే ఏదో చేసుకుంటున్నాడు. ఆపేశాను. మీ బాస్కెట్‌బాల్ టీమ్‌లో యూదు కుర్రాడు ఎవరైనా ఉన్నాడా అని అడిగాను. ఒకడున్నాడు, పాయింట్ గార్డ్.

‘వాడేమంటున్నాడు?’

‘వాడు... ఏమో, వాడేం అనలేదు.’

‘అడిగావా?’

రెండు రోజులకు మళ్లీ ఫోన్. మ్యాచ్‌కు వెళ్తూ బస్సులో వాడి పక్కన కూర్చున్నాడట. ముందు ఆట గురించే మాట్లాడుకున్నారట. తర్వాత మావాడే అడిగాడట, గ్రూప్‌లో అంత గొడవ నడుస్తుంటే నువ్వేం మాట్లాడవేంటని.

‘గ్రూప్ మ్యూట్ చేసి మూడు వారాలైందంట మామయ్యా. మాలో ఎవ్వరం చూసుకోలేదు.’